సకుటుంబ పాసులు

లెక్కల మేష్టారు గంగాధరరావు పుట్టి బుద్ధెరిగి బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. అయినా డెబ్భై తొమ్మిదిలో ప్రిన్సిపాలు ఆయన్నే కాలేజీ టీముకి మేనేజర్ని చేశాడు. రైలు టికెట్లూ, బసలూ, పాసులూ చూసుకునేవాడుంటే చాలు, బంతి వెయ్యక్కర్లేదన్నాడు. ఈ ముక్క గంగాధరరావు ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో "మా టీము" అంటూ ఒకటే కోతలు.

కోతలన్నీ మావగారి కోసమే. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన శ్రీరామ్మూర్తికి ఈ అల్లుడు సుద్దముక్కకి తప్ప ఎందుకూ కొరగాడని గట్టి నమ్మకం. ఒక్కసారి కోర్టు పక్కన 'మేనేజర్' అని రాసిన కుర్చీలో తను కూర్చోగా ఆయన చూడాలి. మహానుభావుడి కోరిక అంతే.

కిందటేడు ఆటకి కాకినాడ కాలేజీకి వెళితే వాళ్ళు ముష్టి నాలుగు పాసులిచ్చారు. ఈ యేడు వాళ్ళే విశాఖపట్నం వస్తున్నారు. మర్యాదంటే ఏవిటో చూపిస్తానని గంగాధరరావు అరవై కుర్చీలకి అరవై పాసులు అచ్చుకిచ్చాడు. ప్రెస్సు తాతబాబు పాసు మీద వెయ్యాల్సింది చదివి మొహం చిట్లించాడు.

"ఇదేటి బావా, మనిషినొక్కడినే పిలుత్తన్నావ్? ఇంటోళ్ళు ఏటనుకుంటారు?"

నిజమే కదా! పెళ్ళికైనా వ్రతానికైనా ఒక్కణ్ణే రమ్మంటామా? 'సకుటుంబంగా విచ్చేయ ప్రార్థన' అని స్వహస్తాలతో చేర్చాడు. అరవైని అయిదుతో హెచ్చవేస్తే ఎంతవుతుందో మాత్రం లెక్కల మేష్టారికి తట్టలేదు.

ఆట రోజు జనం చంటిపిల్లలతో, మరచెంబులతో, పులిహోర కేరియర్లతో దిగిపోయారు. మోకాళ్ళ నొప్పులతో సింహాచలం నుంచి బస్సులో వచ్చిన మావగారికి గంగాధరరావు రెండు కుర్చీలు చూపించాడు.

"ఇది మీది, ఇది నాది. కాస్త చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తాను."

కాకినాడ టీము బస్సుకి ఎదురెళ్ళాడు. వాళ్ళ కోచ్ భార్యకి పాసు లేదంటే, దానకర్ణుడిలా తన పాసు తీసి ఇచ్చేశాడు. అందరినీ లోపలికి పంపి తను వెళ్ళబోతే గేటు దగ్గర వాచ్‌మన్ కామరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాసండి."

"నేనేనయ్యా!"

"పాసు నేపోతే నన్ను కూడా ఒగ్గకు అని తవురే గదండీ సెప్పినారు. లోపల కాలు పెట్టడానికి సోటు నేదు."

పొద్దున్న ఆ మాట మీసం దువ్వుకుంటూ అన్నది తనే. ఇప్పుడు కాదనడానికి మొహం చెల్లలేదు. గోడ పక్కనున్న రిక్షా ఎక్కి మునివేళ్ళ మీద లేచాడు. తలలు కనిపించాయి, బుట్ట కనిపించింది, కుర్చీ కనిపించలేదు. ఈపాటికి అందులో ఎవరో కేరియరు విప్పి ఉంటారు, మావగారు తన్ను ఉత్త కోతలరాయుడని తేల్చేసి ఉంటారు. ఛీ, ఎందుకొచ్చిన బతుకు!

మనవాళ్ళు రెండు పాయింట్లతో గెలిచారట. జనం బయటికి వచ్చేశాక లోపలికి పరిగెత్తాడు. మావగారు గుంజ పట్టుకుని నిలబడి మోకాలు నొక్కుకుంటున్నారు. మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద ఆయన కండువా పరిచి ఉంది.

"అయ్యో, కూర్చోలేదేమండీ?"

"నా కుర్చీ పిల్లతల్లికి ఇచ్చేసినాను. ఇది నీది గదా బాబూ. ముగ్గురితో దెబ్బలాడినాను. మీ ప్రిన్సిపాలు కూకోబోతే, మా అల్లుడిది, లెగండి అన్నాను." కండువా తీసి దులిపారు. "ఇప్పుడు కూకో. సూసి ఎల్తాను."

ఆట లేదు, జనం లేరు. పులిహోర మెతుకుల మధ్య గంగాధరరావు సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మావగారు రెండడుగులు వెనక్కి వేసి ఎగాదిగా చూశారు.

"బాగుంది," అన్నారు.