మెల్సి హాజరు

తొరాజా కొండల మీది ఆ బడికి హాజరు ట్యాబ్‌ను తెచ్చింది దమారిస్ టీచరే. పిల్లలు రాకపోతే తల్లి ఫోనుకు వెంటనే కబురు అందుతుందని ఇంటింటికీ తిరిగి చెప్పింది. చదువు అంతగా రాని అగుస్తినాకు సందేశం తెరవడం వేలు పట్టుకుని నేర్పింది.

ఆ ఏటి వానల్లో అగుస్తినా కూతురు, నాలుగో తరగతి మెల్సి, జ్వరంతో కన్ను మూసింది. పోయిందన్న మాట మటుకు ఊళ్ళో ఎవరూ అనలేదు. దున్నపోతును బలి ఇచ్చి పెద్ద కర్మ జరిపేదాకా అక్కడ పోయిన మనిషి జబ్బుమనిషే. దేహం చెడకుండా మందు పట్టించి, దక్షిణపు గదిలో పడుకోబెడతారు. వేళకు అన్నం పెడతారు. ఆ మనిషికి చెప్పి గానీ గడప దాటరు. దూరదీవుల చుట్టాలు చేరేదాకా ఏడాదైనా పట్టవచ్చు.

దమారిస్ కూడా ఆ కొండమనిషే. మెల్సి పేరు ఎదుట రోజూ 'జబ్బు' మీట నొక్కేది. కాగితం కాలంలోనూ ఇలాంటి పిల్లలకు అలాగే రాసేది. కాగితం ఎవరికీ కబురు పంపేది కాదు. ట్యాబ్ పంపేది: 'మెల్సి త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాము.' అగుస్తినా దాన్ని కూతురి పక్కన కూర్చుని పైకి చదివేది.

"విన్నావుటే? బడి ఎగ్గొట్టినదానికి ఎంత మర్యాదో చూడు," అని నవ్వేది.

తీరప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టరు ఇర్వాన్ ఒక ఉదయం ట్యాబ్ తిప్పి చూశాడు.

"దమారిస్ గారూ, పోయిన పిల్లకి రోజూ జ్వరమేమిటండీ? పైవాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు."

"ఇంకా కర్మ కాలేదు సార్."

"కర్మ అనే మీట ఇందులో లేదు కదమ్మా."

"లేదు సార్. చావు అనే మీట మాత్రం పెట్టారు."

"ఉన్నదే నొక్కుదాం," అని ఆయన నొక్కాడు. నొక్కి, టీ తెప్పించుకున్నాడు.

ఆ మీటకూ ఒక సందేశం ఉంటుందని దమారిస్‌కు అప్పుడు తట్టింది. తరగతిని వదిలి కొండ ఎక్కింది. తాను నేర్పిన పాఠం ఒక్కరికైనా వంటబట్టకపోతే బాగుండునని ఆమె కోరుకున్నది ఉద్యోగజీవితంలో అదే మొదటిసారి.

అగుస్తినా దక్షిణపు గదిలో, ఒడిలో ఫోనుతో కూర్చుని ఉంది.

"రోజూ వచ్చేదే కదా అనుకుని పైకి చదివేశాను టీచరమ్మా. సగం చదివాక గానీ తెలీలేదు. పిల్ల వినేసింది."

దమారిస్ చెప్పులు విప్పి గడప దాటింది.

"ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరమూ ఆ మాట అనలేదు. దున్న రాలేదు. పపువా నుంచి మా తమ్ముడు రాలేదు. ఈ ఫోన్నెవరు చెప్పమన్నారు?"

ఆ కబురు పంపే పరికరాన్ని మోసుకొచ్చింది దమారిసే. ఆమె చాప మీద కూర్చుని, తరగతిలో హాజరు పిలిచే గొంతుతోనే పిలిచింది.

"మెల్సి."

 అగుస్తినా ఫోను బోర్లించింది.

"జబ్బుగా ఉంది టీచరమ్మా," అంది. ఈసారి కూతురివైపు చూడలేదు.