మాట ఆగితే పైకే

వంటింటి కుళాయి బిగించాలి. మంచం కోడు ఊగుతోంది, మేకు కొట్టాలి. పెరటి తలుపు కిర్రుమంటోంది, నూనె చుక్క వెయ్యాలి. పడగ్గది కిటికీకి కర్టెన్ రాడ్డు పెట్టాలి, పొద్దున్నే ఎండ మొహం మీద కొడుతోంది.

యుద్ధం మధ్యలో, గాల్లో నిలబడ్డ హెలికాప్టర్ తలుపు దగ్గర బోర్లా పడుకుని ఒకాయన అరిచి చెప్పిన పనులివి. విన్నది పైలట్ ఒక్కడే. ఇప్పుడా పైలట్‌కి జుట్టు నెరిసింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఆ పనుల వరస మాత్రం ఒక్క ముక్క పొల్లుపోకుండా గుర్తుంది.

అరిచినాయన్ని అందరూ వాగుడుకాయ అనేవాళ్లు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కానీ ఆ ఉద్యోగానికి కావలసింది ఆ నోరే. హెలికాప్టర్ గాల్లో ఆగినప్పుడు తన కాళ్ల కింద ఏముందో పైలట్‌కి కనపడదు. తలుపు దగ్గరున్నవాడు కిందకి చూస్తూ, మనుషుల్ని పైకి లాగే తీగ దింపుతూ, హెడ్‌ఫోన్‌లో పైలట్‌కి చెబుతూనే ఉండాలి. "కాస్త ఎడమకి... ఇంకాస్త... చాలు, అక్కడే." ఆ మాట ఆగిందంటే ఏదో జరిగిందని అర్థం. ఇంకేం ఆలోచించకుండా పైకి లేచిపోవాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

"మా ఆవిడకి నా వాగుడంటే తలనొప్పి, మీకేమో ప్రాణం! ఏం జాతకమో సార్ నాది," అని నవ్వేవాడు.

ఆ రోజు కూలిపోయిన పిండిమర కప్పు మీద గాయపడ్డ సైనికులు ముగ్గురు చిక్కుకుపోయారు. చుట్టూ కాల్పులు. మొదటివాణ్ణి పైకి లాగారు. రెండోవాడు తీగ మీద సగం దూరం వచ్చేసరికి చెవిలో "అబ్బా" అని వినిపించింది.

"ఏమైంది?" అన్నాడు పైలట్.

"ఏం లేదు సార్, మా ఆవిడ గుర్తొచ్చింది. వంటింటి కుళాయి కారుతోందని పోరింది, చెయ్యకుండా వచ్చేశాను. కాస్త కుడికి సార్. మంచం కోడూ అంతే..."

"ఇప్పుడా సంసారం గొడవ? నోరు ముయ్యవయ్యా!"

"మూస్తే మీరు లేచిపోతారుగా సార్!"

రెండోవాడు లోపలికొచ్చాడు. తీగ మళ్లీ కిందకి దిగింది. తలుపు, నూనె చుక్క, కర్టెన్ రాడ్డు అన్నీ చెప్పేశాడు. తర్వాత మళ్లీ కుళాయి మొదలైంది. పైలట్‌కి అనుమానం వచ్చింది. ఏ కబురూ రెండోసారి చెప్పని మనిషి. గొంతు కూడా సన్నబడుతోంది.

"నిజం చెప్పు. తగిలిందా?"

"తగిలింది సార్. లేవకండి. కింద మూడో కుర్రాడు చేతులు చాపాడు, నన్నే చూస్తున్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నానుగా! కొంచెం వెనక్కి... చాలు."

లేచిపోతే వాగుడుకాయ దక్కుతాడు, ఆ కుర్రాడు దక్కడు. కిందనున్నవాణ్ణి చూస్తున్నది ఆ మనిషే కనక, ఆ మనిషి మాటకే పైలట్ కట్టుబడ్డాడు. కుళాయి బిగించాలి, మంచం కోడు, తలుపు... మూడోవాణ్ణి ఒంటిచేత్తో లోపలికి ఈడ్చి, "అయిపోయింది సార్, పదండి," అన్నాకే ఆ నోరు మూతపడింది.

పైలట్ జీవితంలో అంత భయంకరమైన నిశ్శబ్దం మరోటి లేదు.

వాగుడుకాయ బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. ఇంటికెళ్లి కుళాయి బిగించాడు. భార్య మేకు పట్టుకుంటే మంచం కోడు సరిచేశాడు. తలుపుకి నూనె వేశాడు. కర్టెన్ రాడ్డుకి రెండు చేతులూ ఎత్తాలి. "రేపు పెడతాలేవే," అనేవాడు. వేరేవాళ్లని పిలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఆవిడ కిటికీకి పాత దుప్పటి తగిలించి ఊరుకుంది. ఆ రేపు రాకుండానే ఏళ్లు గడిచాయి. పోయిన చలికాలం నిద్రలోనే వెళ్లిపోయాడు.

మొన్న పైలట్ ఆ ఇంటికి వెళ్లాడు. చేతిలో కొత్త రాడ్డు.

"ఎందుకన్నయ్యా ఈ వయసులో స్టూలెక్కడం? పడితే మీ ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాలి," అంది ఆవిడ.

"పడను గానీ, నాకు పైన కొక్కెం కనపడటం లేదమ్మా. కింద నుంచి నువ్వు చెప్పు."

"కాస్త ఎడమకి... ఇంకాస్త..." అని ఆగిపోయింది.

"మాట ఆపకు చెల్లెమ్మా," అన్నాడు పైలట్, రాడ్డు ఎత్తిపట్టుకునే. "ఆపితే నేను లేచిపోవాలి."

ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఇంకాస్త ఎడమకి... చాలు, అక్కడే."

రాడ్డు కొక్కెంలో కూర్చుంది.

మీ ఇంట్లోనూ ఎప్పుడో ఎవరో స్టూలెక్కుతారు, కింద నుంచి ఇంకొకరు "ఇంకాస్త ఎడమకి" అంటారు. అప్పుడు ఆ వాగుడుకాయను ఒక్కసారి తలుచుకోండి.