బయటివాళ్లకు చెప్పకూడని వాక్యం

వైద్య కళాశాల లైబ్రేరియన్‌ని విద్యార్థులు చాటుగా ‘షరతులమ్మ’ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఏటా కొత్తగా చేరినవాళ్లను కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పేది.

“మందుల వివరాలుండే ఈ వెబ్‌సైటు మన సొంతం కాదు, లైసెన్సు మీద తెచ్చుకున్నది. ఇక్కడ చదివినన్నాళ్లే మీది. పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను.”

అలా అనడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట ఒక విద్యార్థి తన పాస్‌వర్డ్ స్నేహితులందరికీ పంచిపెట్టాడు. వెబ్‌సైటు నడిపే కంపెనీ పసిగట్టి, సరిగ్గా పరీక్షల ముందు, యూనివర్సిటీ మొత్తానికీ మూడు వారాలపాటు దాన్ని ఆపేసింది. పిల్లలు లబోదిబోమన్నారు. ఇకమీదట బయటివాళ్లకు ఒక్క పేజీ కూడా వెళ్లనివ్వనని హామీపత్రం మీద సంతకం పెట్టింది ఆమే.

ఒక సోమవారం పొద్దున మూడో సంవత్సరం అమ్మాయి ఖాతా ఒకే గంటలో రెండు ఊళ్లలో తెరుచుకున్నట్టు కనిపించింది. వెనకాముందూ చూడకుండా దాన్ని ఆపేసింది.

పన్నెండున్నరకు లైబ్రేరియన్ చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల ఈ కాలేజీలోనే చదివి, కిందటేడు రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఆసుపత్రిలో డాక్టరుగా చేరింది.

“పెద్దమ్మా, పొద్దున నువ్వు ఆపేసింది నేను వాడుకుంటున్న లాగినే. తప్పు నాదే, తర్వాత తిడుదువుగానీ. ఇక్కడ మా వార్డులో ఒకావిడ ఉంది, బట్టలు కుట్టి బతుకుతుంది. ఎప్పట్నుంచో ఫిట్స్ మందు వాడుతోంది. ఇన్ఫెక్షన్‌కని మూడ్రోజుల కిందట ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. ఆరేళ్లుగా రాని ఫిట్స్ ఇవాళ మళ్లీ వచ్చాయి. డోసు పెంచినా ఆగట్లేదు. ఆ రెండు మందులూ ఒకదానికొకటి పడవేమోనని నా అనుమానం. ఒక్క పేజీ చూసి చెప్పు.”

“మీ పెద్ద డాక్టరేరీ?”

“సెలవులో ఉన్నారు. ఫోన్ ఎత్తట్లేదు.”

“పోనీ, నెట్‌లో చూడరాదూ?”

“తలా ఒకటి రాశారు. దేన్ని నమ్మి మందు మార్చమంటావు?”

లైబ్రేరియన్ మౌస్ మీద చెయ్యి వేసింది. మళ్లీ తీసేసింది. ఎదురుగా హాలు నిండా పిల్లలు వంచిన తల ఎత్తకుండా చదువుకుంటున్నారు.

“నువ్విప్పుడు బయటిదానివమ్మా. బయట ఆసుపత్రిలో వైద్యానికి ఇందులోంచి చెప్పకూడదని రాసిచ్చాను. ప్రొఫెసరుగారితో మాట్లాడిస్తాను, ఆగు.”

“సరే, తొందరగా” అని ఆ పిల్ల పెట్టేసింది.

మందుల పాఠం చెప్పే ప్రొఫెసరు పరీక్ష నిర్వహిస్తున్నారు. ఆయన ఫోన్ బయట సొరుగులో ఉంది. ఆమె పరుగున వెళ్లింది. మధ్యలో ఎవరినీ లోపలికి పంపకూడదన్నారు. సంగతీ, ఫోన్ నంబరూ రాసిన చీటీ గుమ్మం దగ్గర గుమస్తాకి ఇచ్చి వచ్చింది.

ఆ చీటీ ఆయన చేతికి నాలుగుంపావుకి అందింది. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశారు.

“అయ్యో, ఆ రెండూ కలిపి ఇవ్వకూడదమ్మా! ఆ ఇంజెక్షన్ పడుతున్నన్నాళ్లూ ఫిట్స్ మందు ఎంత పెంచినా ఒంట్లో నిలవదు. ఇంజెక్షన్ మార్చు, ఫిట్స్‌కి వేరే మందు ఇవ్వు.”

రెండూ మార్చారు. ఫిట్స్ ఆగాయి గానీ ఆవిడ కళ్లు తెరవలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మూడో రోజున పోయింది.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం లైబ్రేరియన్ ఆ పేజీ తెరిచింది. ప్రొఫెసరు చెప్పిన మాటే మొదటి పేరాలో, రెండో వాక్యంలో ఉంది. చదవడానికి నిమిషం కూడా పట్టలేదు. మర్నాడు ఆయన్నే అడిగింది, మధ్యాహ్నమే చెప్పి ఉంటే బతికేదా అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “చెప్పలేమండీ” అన్నారు.

లైసెన్సు కొత్తగా రాసుకునే సమావేశానికి కంపెనీ ప్రతినిధి వచ్చాడు. చదువు ముగించి వెళ్లినవాళ్లకు, ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా, లైబ్రరీ ద్వారా సమాచారం చెప్పే వీలు కల్పించమని ఆమె అడిగింది. జరిగిందంతా చెప్పింది. అతను మర్యాదగా విన్నాడు, కాగితం మీద రాసుకున్నాడు కూడా. నెల తర్వాత వచ్చిన ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు. సంతకం పెట్టనని ఆమె రిజిస్ట్రారుకు రాసిచ్చింది. ఆయన తనే పెట్టి పంపించారు.

చెల్లెలి కూతురు అప్పట్నుంచి ఫోన్ చెయ్యడం మానేసింది. “నీ మీద ఒక్క మాట కూడా అనలేదే అక్కా” అంది చెల్లెలు. తిట్టి ఉంటే ఎంతో నయమనిపించింది ఆమెకు.

ఒక ఆదివారం ఆ పిల్ల తనంతట తనే వచ్చింది. మనిషి సగమైంది. వంటింటి గుమ్మంలో కూర్చుంది.

“ఆవిడ భర్తకి చెప్పేశాను పెద్దమ్మా. ఆ ఇంజెక్షన్ రాసింది నేనేనని. దండం పెట్టి వెళ్లిపోయాడు.”

“నా తప్పు కూడా ఉంది కదే అందులో.”

“నీ చోట నేనుంటే అదే చేసేదాన్నేమో. రోజూ ఆ ‘ఏమో’ దగ్గరే ఆగిపోతున్నా.”

లైబ్రేరియన్ వెళ్లి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోబోతే, ఆ పిల్ల మెల్లగా తీసేసుకుంది.