ఆస్గర్ చరణం

డోర్తె కంప్యూటరు తెరిచి చూసేసరికి తను రాసిన చరణం మళ్ళీ లేదు.

ఆదివారం అమ్మ ఎస్తేర్ పుట్టినరోజు. ఆమెకి ఎనభై అయిదు నిండుతాయి. మరో పుట్టినరోజు ఉండదని, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్‌లో నర్సు మెల్లగా చెప్పనే చెప్పింది. అందుకని ఈసారి పొరల కేకు, చిన్న జెండాలు అన్నీ అక్కడ అమ్మ గదికే వెళ్తాయి. పాట కూడా. ఇంట్లో ఎవరికి ఏ వేడుక వచ్చినా వాళ్ళ జీవితాన్ని చరణాలు కట్టి, అందరికీ తెలిసిన వరసలో పెట్టి, కాగితాలు చుట్టి రిబ్బను ముడివేసి ప్రతి పళ్ళెం పక్కనా ఉంచుతారు. ఆ పాటలో ఉన్నదే ఆ మనిషి కథ. లేనిది జరగనట్టే.

డోర్తె తమ్ముడు ఆస్గర్ ఏ పాటలోనూ లేడు. ఓడరేవులో గడ్డకట్టిన నీటి మీది మంచు విరిగి మునిగిపోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. ఒడ్డున నిలబడి చూసిన డోర్తెకి తొమ్మిది. చెల్లెలు బెనెడిక్తె అప్పటికి పుట్టలేదు. అమ్మ యాభైకి, అరవైకి, డెబ్భైకి పాడిన పాటలన్నీ ఆ శీతాకాలాన్ని ఒక్క అంగలో దాటేశాయి. ఈసారి దాటకూడదనుకుంది డోర్తె. ఇక ఇంకోసారంటూ లేదు.

ఇద్దరూ ఒకే పేజీలో రాసుకోవచ్చని చెల్లెలు తనుండే ఆల్బోర్గ్ ఊరి నుంచి లింకు పంపింది. డోర్తె లింకు నొక్కి, చరణం రాసి, సేవ్ చేసింది. మర్నాడు నొక్కితే బెనెడిక్తె రాసినవి మాత్రమే ఉన్నాయి. మళ్ళీ రాసింది. మళ్ళీ పోయింది. అడగడానికి నోరు రాలేదు. వాడి గురించి అడిగే అలవాటే ఆ ఇంట్లో లేదు. రొట్టెకి వెన్న రాస్తున్నా, చెరిపే మీట మీద చెల్లెలి వేలే కళ్ళ ముందు మెదిలేది.

పాట అచ్చుకి ఇవ్వాల్సిన రోజున ఇక ఆగలేక ఫోన్ చేసింది.

"చెరిపేశావు. పోనీ, చెరుపుతున్నానని ఒక్క మాట చెప్పచ్చుగా?"

"దేన్ని చెరిపాను?"

"వాణ్ణి."

బెనెడిక్తె నెమ్మదిగా అంది. "అక్కా, నువ్వు ఒక్క అక్షరం రాయలేదు. నాతో కలిసి రాయడం ఇష్టం లేదేమో అనుకున్నాను. లింకు నొక్కితే ఎక్కడ తెరుచుకుంటోంది నీకు?"

మునిసిపాలిటీ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ఎలా తెరుచుకునేదో అలాగేనని చెప్పింది డోర్తె. బ్రౌజరు ఫైలుని దించుతుంది, రాసే ప్రోగ్రాము దాన్ని తెరుస్తుంది.

"అది నకలే తల్లీ. రోజుకో నకలు దించుకుని, అందులో రాసి, నీ కంప్యూటర్లోనే దాచుకుంటున్నావు. అంత ఆఫీసు నడిపిన మనిషివి, బాగానే ఉంది."

నవ్వు రావలసిన మాటే గాని ఇద్దరూ నవ్వలేదు. చెల్లెలు చెబుతుంటే డోర్తె బ్రౌజరు సెట్టింగుల్లోకి వెళ్ళింది. డౌన్‌లోడ్ల కింద, వర్డ్ లాంటి ఆఫీసు ఫైళ్ళను బ్రౌజరులోనే తెరవడానికి ఒక మీట ఉంది. దాన్ని పక్కకి జరిపి, లింకు మళ్ళీ నొక్కింది.

ఈసారి వేరే ప్రోగ్రాము లేవలేదు. పాట అక్కడే తెరుచుకుంది. దాని పక్కన చెల్లెలి పేరుతో ఒక ఆకుపచ్చ గీత మినుకుమినుకుమంటోంది. ఇన్నాళ్ళూ బెనెడిక్తె ఒక్కతే ఉన్న పేజీ అది.

చరణం అప్పటికే కంఠతా వచ్చేసింది. డోర్తె టైపు చేసింది. నీలం టోపీ పెట్టుకుని మంచు మీదికి పరిగెత్తిన పిల్లవాడు. ఆకుపచ్చ గీత కదిలి వచ్చి 'నీలం' దగ్గర ఆగింది. ఆ మాట చెరిగిపోయింది. ఆ చోట 'ఎర్ర' అని పడింది.

"టోపీ ఎర్రది అక్కా. అమ్మ చెప్పింది."

"అమ్మ ఎప్పుడు చెప్పింది?"

"చిన్నప్పుడు నన్ను పడుకోబెడుతూ చెప్పేది. అక్క దగ్గర మాత్రం వాడి మాట ఎత్తకు అనేది. ఆ రోజు నువ్వు చూశావుగా, తట్టుకోలేవని."

డోర్తె మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎర్రదే ఉండనీ," అంది.

ఆదివారం ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి ఎస్తేర్ కాగితం దుప్పటి మీద పెట్టేసి పెద్దకూతురి చెయ్యి పట్టుకుంది. అందరికంటే ఒక మాట వెనకగా, చివరిదాకా పాడింది.