చిన్నసారు చెప్పిన దిక్కు

నన్ను నిలువునా ముంచినవాడు బయటివాడు కాదు, మా ఆవిడ తమ్ముడు. ఇంట్లో అందరూ చిన్నసారు అంటారు. కాలేజీలో వైర్‌లెస్ పాఠాలు చెబుతాడు. నేను ఎనిమిదిలోనే బడి మానేసి వెల్డింగ్ పట్టినవాడిని కాబట్టి, వాడు నోరు తెరిస్తే నేను మూసుకోవాలన్నది మా ఇంటి చట్టం.

నా షెడ్డు మీది నుంచి వీధిలోని దుకాణాలకు నెట్ ఇస్తాను. కోల్డ్ స్టోరేజీ యజమాని తన కెమెరాలన్నింటికీ లైను అడిగాడు. కొత్త యాంటెన్నా కోసం షెడ్డు వెనక స్థలం తాకట్టు పెట్టాను. యజమాని ఒప్పందం మీద సంతకం పెడితే స్థలం నాది, లేకపోతే అప్పిచ్చిన షావుకారుది. చిక్కల్లా పక్క మేడ మీది టవరే. దాని రొద మా సిగ్నల్‌ను మింగేసేది.

ఈ యాంటెన్నాకు ఎనిమిది చెవులు. ఏ చెవి మాట ఎంత పట్టించుకోవాలో దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకునే పద్ధతులు రెండు. ఒకదానిలో అవతల కోల్డ్ స్టోరేజీ వైపు నుంచి ముందే అనుకున్న గుర్తును పదేపదే పంపుతారు. దాన్ని పట్టుకుని యాంటెన్నా మెల్లగా దారికొస్తుంది. రెండోదానికి సిగ్నల్ వచ్చే దిక్కు చెబితే చాలు, మిగతా గోలంతా నొక్కేస్తుంది. యజమాని చూడ్డానికి వస్తానన్న రోజు పొద్దున, షెడ్డు మీద మొదటిది పెట్టి చూశాం. నత్తనడకే గానీ కెమెరా బొమ్మ తెర మీదికి వచ్చింది.

"ఇది చాలురా. ఆయనొచ్చాక ఇదే చూపిద్దాం," అన్నాను.

"బావా, నీకు గేట్లు అతకడం తెలుసు. ఇది నాకొదిలెయ్. రెండోదాని ముందు ఇది ఎందుకూ పనికిరాదు."

"వాడు చదివింది ఊరికే పోతుందా? మీరు కాస్త ఊరుకోండి," అని కింది నుంచి మా ఆవిడ వంత పాడింది.

చిన్నసారు యాంటెన్నాకు నేను అతికిన ఇనుప స్టాండుకు ఆనుకుని దిక్సూచి చూసి, ఆ దిక్కును కంప్యూటర్‌లో కొట్టాడు. యజమాని వచ్చి కూర్చున్నాడు. బొమ్మ ఓసారి వణికి, గళ్లుగళ్లుగా విడిపోయింది.

"అవతల పవర్ పెంచమనండి," అన్నాడు చిన్నసారు.

పెంచారు. ఆ గళ్లు కూడా పోయి తెర నల్లబడింది.

"ఇదేం మిషనయ్యా! గొంతు పెంచేకొద్దీ చెవుడొస్తోంది దీనికి," అని యజమాని నవ్వాడు.

"పొద్దుటిది పెట్టరా!" అని అరిచాను.

"ఐదు నిమిషాలు బావా, లెక్కలో ఎక్కడో..."

"మీ బావాబావమరుదులు తేల్చుకోండి. నేను కేబుల్ వేయించుకుంటా," అని ఆయన మెట్లు దిగిపోయాడు.

వారం తర్వాత చిన్నసారు నవ్వుతూ వచ్చాడు. ఇనుము పక్కన దిక్సూచి ముల్లు తప్పు చూపిందట. దిక్కు కాస్త తప్పేసరికి యాంటెన్నా మన సిగ్నల్‌నే శత్రువనుకుందట. గట్టిగా వచ్చేకొద్దీ గట్టిగా నొక్కిందట. "భలే ఫలితం బావా!" అన్నాడు. రెండు పద్ధతులనూ పోల్చి వ్యాసం రాశాడు. చివర నాకు కృతజ్ఞతలు కూడా చెప్పాడని మా ఆవిడ మురిసిపోయింది. చదివి వినిపిస్తానన్నవాడిని గుమ్మంలోనే ఆపాను.

వాడికి వ్యాసం దక్కింది. నాకు పోయింది షెడ్డు వెనక నూట పద్దెనిమిది గజాలు.