సముద్రం వైపు గోడలు

మా ఆయన చాలా ఏళ్లు సరుకుల ఓడలో వంటవాడిగా పనిచేశాడు. ఈ రేవుపట్నం గురించి ఫోన్లో ఎంత చెప్పేవాడంటే, చూడకుండానే దీని మీద నాకు కుళ్లు పుట్టింది. ఇంట్లో నేను గిన్నెలు తోముకుంటుంటే, అక్కడ ఈయన కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడన్నమాట. అందుకే ఉద్యోగం మానగానే ఆ ఊరే చూపించమన్నాను. ఆయన తిరిగిన వీధులన్నీ నేనూ తిరిగితేగానీ నా కడుపుమంట చల్లారదు.

చేతిలో ఉన్నది రెండు రోజులు. రేవుకి దగ్గర్లోనే దిగిన హోటల్ గదిలో మంచం మీద మ్యాపు పరిచి, ఏ పేటలు చూడాలా అని కూర్చున్నాం. ఆయన పాత బజారు అన్నాడు, మ్యూజియం ఉన్న పేట అన్నాడు. ఎప్పుడూ నోరారా చెప్పే కొండపేట ఊసు మాత్రం ఎత్తలేదు. నేనే ఎత్తితే, మెట్లెక్కలేవు, నీ మోకాళ్లకు మంచిది కాదన్నాడు. నా మోకాళ్ల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో. ముందు అక్కడికే అని మ్యాపు మడిచేశాను.

రేవు గేటు దాకా ఆయనే ముందు నడిచాడు. కాపలావాడు గుర్తుపట్టి పలకరించాడు కూడా. గేటు దాటాక మాత్రం మలుపు మలుపుకీ దారి అడుగుతూ వచ్చాడు. ఆయాసపడుతూ పైకి చేరాం. వీధంతా నీలం, పసుపు ఇళ్లేనని చెప్పిన పేట అది. తీరా చూస్తే ఏ గోడకీ రంగు లేదు, అంతా సిమెంటే. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

బట్టలు ఆరేస్తున్న ఒకావిడను రంగుల ఇళ్లెక్కడని అడిగాను. ఇవేనంది. వచ్చే ఓడలకు అందంగా కనబడాలని సముద్రం వైపు గోడలకే రంగు వేయిస్తారట.

నేను ఆయన వంక చూశాను.

"ఓడ ఆగితే వంట పని ఇంకా ఎక్కువ. దిగినా సరుకుల కోసం గేటు దాకానే. ఊళ్లోకి వచ్చే తీరికెక్కడిది?" అన్నాడు నేల చూస్తూ. "నువ్వేమో ఫోన్ ఎత్తగానే ఇవాళ ఏం చూశావని అడిగేదానివి. కిటికీలోంచి కనబడింది చెప్పేవాణ్ణి."

ఇన్నేళ్లూ నేను కుళ్లుకున్నది ఒక వంటగది కిటికీని చూసి. దూరపు కొండలు నునుపని మా అత్తగారు ఊరికే అనేది కాదు. కోపం రాలేదు. ఆయన మీద జాలేసింది, నా మీద నాకు సిగ్గేసింది.

"రేపు పాత బజారుకి వెళ్దాం" అన్నాను.

"అదీ నాకు తెలీదు."

"తెలీకపోతేనే మంచిది. ఈసారి దారి నేనడుగుతాను."