నవల విన్న శాలువా

ఎమ్మిగనూరులో శేషప్ప గుంత మగ్గంలోకి కాళ్లు దించితే, కూతురు శిరీష పక్కన కూర్చుని ఏదో ఒకటి చదవాల్సిందే. ఆ వీధిలో మొదటి నుంచీ అదే రివాజు. చదివే మనిషి మనసులో ఏముంటే బట్టలోకి అదే దిగుతుంది. ఏడుస్తూ చదివితే తువ్వాలు ఎంత ఎండేసినా తడి ఆరదు. కొనేవాళ్లు తడిమి చూసి, నచ్చింది తీసుకుపోతారు.

ఈసారి ఆదోనిలో నవలా రచయిత రాఘవేంద్రకు సన్మానం. శాలువా నేసేది శేషప్పే. ఆయన శాలువాకు ఆయన పుస్తకమే చదవడం మర్యాద అనుకుంది శిరీష. అక్కడే పప్పులో కాలేసింది.

అది నేతగాళ్ల ఊరి మీద రాసిన వ్యంగ్య నవల. కనబడిన ప్రతి రిబ్బనూ కత్తిరించే నాయకుడి దగ్గర ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత, చచ్చిపోయిన మొగుడితో రాట్నం ముందు కబుర్లాడే ముసలామె వచ్చింది. ఎవరో కాదు, పక్కింటి హులిగవ్వే. శిరీష నవ్వుతూనే చదివింది, చప్పున ఆగి చెవి ఒగ్గింది. గోడ అవతల రాట్నం తిరుగుతూనే ఉంది. ఎంత బాగా రాశాడని మెచ్చుకుందో, అంత కోపమూ వచ్చింది.

నేత అయ్యాక తడిమి చూస్తే శాలువా ఒక కొస చక్కిలిగింతలు పెట్టింది, రెండో కొస పల్లేరుకాయల్లా గుచ్చింది. మరొకటి నేసే వ్యవధి లేదు. నిండు సభలో నాయన పరువు ఏమవుతుందోనని ఆదోని దాకా బస్సులో ఆమె ఆ కొసను తడుముతూనే ఉంది.

శాలువా కప్పగానే రాఘవేంద్ర పకపకా నవ్వాడు. జనమూ నవ్వారు. అంతలో రెండో కొస మెడకు తగిలింది. ఆయన ముఖం మారిపోయింది.

"దీనికి ఎవరు చదివినారమ్మా?" అని మైకులోనే అడిగాడు.

శిరీష లేచింది. "నేనే సార్. మీ పుస్తకానికి శానా నవ్వినాను. హులిగవ్వ మీద గూడా నవ్వినాను. ఆ నవ్వే నన్ను గుచ్చుతాంది."

శేషప్ప తల దించుకున్నాడు. రాఘవేంద్ర మాత్రం శాలువా తీయలేదు.

మర్నాడు అదే శాలువాతో ఎమ్మిగనూరులో బస్సు దిగి, హులిగవ్వ గుమ్మం ముందు నిలబడ్డాడు. చెప్పులు విప్పి చేతులు జోడించాడు. ఆమె పీట చూపించింది.

"కూసో నాయనా. మా ఆయనకు ఒక సంగతి సెప్తాండా. ఊఁ కొట్టేవాళ్లు లేక శానా దినాలాయ."

రాఘవేంద్ర తర్వాతి నవల ఇంతవరకూ రాలేదు. ఆ వీధిలో ఇప్పుడు రాట్నం చప్పుడు వెంట ఒక మగగొంతు ఊఁ కొడుతూ వినబడుతుంది.